జనన మరణాల పై అంతస్తు

"డెత్ సర్టిఫికెట్ ఇక్కడేనా?"

మా కంపెనీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి అడిగిన మొదటి ప్రశ్న ఇది. వచ్చింది కస్టమరే అనుకుని నేను కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, ఒక నవ్వు కూడా తగిలించుకున్నాను. ప్రశ్న విన్నాక ఆ నవ్వుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "కిందండీ, మెట్ల పక్కనే కౌంటర్" అన్నాను. ఆయన దిగి వెళ్ళాక, నా భాగస్వామి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"కిందికెందుకు పంపినవ్ రా? ఇంకొన్ని దినాలైతే మనం సుత ఇచ్చేటట్టే ఉన్నం గద."

అమీర్‌పేటలో ఒక సందులో ఉండేది ఆ భవనం. మున్సిపాలిటీ వాళ్ళది. కింద వార్డు ఆఫీసు, అందులో జనన మరణాల కౌంటర్. పైన పెద్ద హాలు. అంతకుముందు ఆ హాల్లో దోమల పొగ కొట్టే యంత్రాలు పెట్టేవారట. యంత్రాలు వెళ్ళిపోయాయి గానీ వాటి కిరోసిన్ వాసన మాత్రం ఉండిపోయింది. దాన్ని కూడా మాకిచ్చిన ప్రోత్సాహంలో భాగంగానే లెక్కవేసుకున్నాం.

ప్రోత్సాహం అని ఎందుకన్నానంటే, గుమ్మం మీద బోర్డులో 'ప్రోత్సాహక కేంద్రం' అనే రాసి ఉంది. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ అన్నదంతా ఊరికి పడమర దిక్కున అద్దాల మేడల్లోకి పోతోంది. వాటికి భూములూ రోడ్లూ ఇచ్చేవాళ్ళు వేరే, పై స్థాయి వాళ్ళు. ఊరి నడిబొడ్డున ఉన్న చిన్నవాళ్ళకి మనం కూడా ఏదో ఒకటి చెయ్యాలి కదా అని మున్సిపాలిటీకి అనిపించింది. మంచి ఆలోచనే. అయితే ఎవరైనా తమ దగ్గర ఉన్నదే పెట్టగలరు. మున్సిపాలిటీ దగ్గర హాళ్ళున్నాయి, బోర్డులున్నాయి, రిబ్బన్లున్నాయి. మూడూ ఇచ్చింది. హాలుని ప్లైవుడ్‌తో గదులుగా కొట్టి, ఒక్కో గది ఒక్కో చిన్న కంపెనీకి కేటాయించింది. అద్దె లేదు. కరెంటు బిల్లు వాళ్ళదే. కరెంటు పోయినప్పుడు ఏం చెయ్యాలన్నది మాత్రం మాదే. జనరేటర్ శాంక్షన్ అయిందని చెప్పేవారు. మేమున్నన్నాళ్ళూ అది శాంక్షన్ అయ్యే ఉంది.

నా భాగస్వామి గురించి చెప్పాలి. అతనిది సిద్దిపేట వైపు, నాది తణుకు వైపు. ఇద్దరం కలిసింది అమీర్‌పేట డెమోల్లో. అక్కడ ఏ కోర్సుకైనా మొదటి కొన్ని క్లాసులు ఉచితం. దాన్నే డెమో అంటారు. నచ్చితే ఫీజు కట్టి చేరాలి, లేకపోతే పక్క ఇన్‌స్టిట్యూట్ డెమోకి పోవాలి. మా ఇద్దరికీ ఏ ఇన్‌స్టిట్యూటూ నచ్చేది కాదు. నచ్చడానికి కావలసినది మా జేబుల్లో ఉండేది కాదు. అలా ఒక్కో మేడా ఎక్కి దిగుతూ మొదటి పాఠమే వినీ వినీ, జావా మొదటి అధ్యాయంలో దేశంలోనే మాకు సాటి లేకుండా పోయాం. రెండో అధ్యాయం సొంతంగా కుస్తీ పట్టి నేర్చుకున్నదే.

ప్రతి డెమోలోనూ చివరి బెంచీ మీద అతనే కనబడేవాడు. నాలుగోసారో అయిదోసారో అతనే పలకరించాడు.

"ఏం భయ్, ఇది సుత నచ్చలేదా?"

"ఇంకా చూడాలండీ" అన్నాను.

"మస్తు చూస్తున్నవ్‌లే. పెండ్లి చూపులకు సుత ఇట్లనే పోతవా?"

ఆ రోజు నుంచీ "అండీ" పోయి "రా" వచ్చింది. ఆ తర్వాత ఇన్‌స్టిట్యూట్ వాళ్ళే మమ్మల్ని డెమోలకి పిలవడం మొదలుపెట్టారు. హాలు నిండుగా ఉంటేనే కొత్తవాడికి చేరాలన్న ఉత్సాహం పుడుతుంది. అందుకని హాస్టళ్ళలో ఖాళీగా ఉన్నవాళ్ళని తెచ్చి కూర్చోబెట్టేవారు. ఒక సమోసా, ఒక టీ. మధ్యలో చెయ్యెత్తి "సార్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ ఉందా?" అని అడిగినవాడికి రెండో సమోసా. ఇద్దరం అలా కొంతకాలం భోజనం ఖర్చు లేకుండా బతికాం.

ఆ బతుకులోనే ఇద్దరం కలిసి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, మున్సిపాలిటీ గదికి అర్జీ పెట్టుకున్నాం. హాలు దొరికిన కొత్తలో గదులన్నీ నిండుగానే ఉండేవి. ఒకాయన పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్ పెట్టాడు. అందులో కుదిరిన మొదటి సంబంధం ఆయనదే. పెళ్ళి చేసుకుని మామగారి వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు బడిపిల్లల మార్కులు వేసే ప్రోగ్రాం రాశారు. దాన్ని చూపించడానికి పడమటి వైపు ఒక కంపెనీకి వెళితే వాళ్ళు ప్రోగ్రాంని వదిలేసి అక్కచెల్లెళ్ళని తీసుకున్నారు. ఇలా ఒక్కో గదీ ఖాళీ అయింది. వెళ్ళిన ప్రతివాళ్ళూ కుర్చీలు మాకు వదిలి వెళ్ళారు. చివరికి మా గదిలో ఇద్దరు మనుషులూ, ఒక పెళ్ళికి సరిపడా కుర్చీలూ మిగిలాయి.

పోక ఏం చేస్తారు? పని ఇచ్చేవాడు అమీర్‌పేట రాడు. ఫోన్లో అంతా బాగానే మాట్లాడేవారు. ఆఫీసెక్కడ అని అడిగి, అమీర్‌పేట అనగానే ఆగి, "అలాగా, ఏ కోర్సు నేర్పుతారు?" అనేవారు. నా భాగస్వామి విజిటింగ్ కార్డుల మీద పంజాగుట్ట అని వేయిద్దామన్నాడు. వేసేదేదో బంజారా హిల్స్ పక్కన అని వేద్దామన్నాను. పక్కనంటే ఎంత పక్కన అని ఎవడూ కొలవడు కదా. ఆ లెక్కన ఇంకో రెండుసార్లు అచ్చు వేయిస్తే కూర్చున్నచోట కదలకుండానే మాదాపూర్ చేరిపోయేవాళ్ళం.

ఇలా ఊరంతా కస్టమర్ కోసం వెతుకుతుంటే, కస్టమర్ మెట్ల కిందే ఉన్నాడని మాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. జనన మరణాల కౌంటర్ ముందు పొద్దున్నుంచీ క్యూ ఉండేది. కౌంటర్‌లో కూర్చునే అక్క పాత పుస్తకాలు ముందేసుకుని, వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పుతూ ఉండేది. క్యూ మా మెట్ల మీదికి పాకేది. మేం పైకీ కిందికీ వెళ్ళాలంటే "జర జరగండి" అంటూ జనాన్ని దాటాలి. పేరు కొడితే పేజీ ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాం రాద్దామన్నది అతని ఆలోచన. రాశాం. ఆ అక్క సాయంతో ఒక ఏడాది పుస్తకం ఎక్కించాం. ఒకరోజు మా కంప్యూటర్‌ని కిందికి మోసుకుపోయి కౌంటర్‌లో పెట్టాం. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒకాయన పేరు చెప్పడం, అక్క కొట్టడం, పేజీ దొరకడం అంతా ఆయన కళ్ళజోడు తుడుచుకునేలోపు అయిపోయింది. ఆయన సంతోషించలేదు.

"ఇంత జల్దీ దొరికిందంటే... ఇది అస్లీదేనా మేడం?"

"అస్లీదే అన్నా. మీ పోరడే."

"ఏమో. పోయినసారి పొద్దంత నిలబెట్టిన్రు."

అక్క మాత్రం ఆ కంప్యూటర్‌ని ఆ సాయంత్రం తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. మరునాడు ఉదయం బతిమాలి తెచ్చుకున్నాం. అంతకంటే మంచి ప్రశంస నా జీవితంలో మళ్ళీ రాలేదు.

ఇక ఆర్డర్ రావడమే తరువాయి అనుకున్నాం. మా హాలు వ్యవహారాలు చూసే సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మంచివారు. ఈ మాట మర్యాదకి అనడం లేదు. వేసవిలో సొంత ఇంటి కుండ తెచ్చి మా గుమ్మంలో పెట్టిన మనిషి. మేం చెప్పిందంతా విని, టీ తెప్పించి, అది మేం తాగేదాకా ఆగి అప్పుడు చెప్పారు.

"తమ్మీ, గది ఇయ్యమంటే ఇచ్చిన. కరెంట్ ఇయ్యమంటే ఇచ్చిన. మీ దగ్గర కొనమంటే మాత్రం నా చేతుల లేదు. టెండర్ పిలవాలె. టెండర్ల మూడేండ్ల అనుభవం అడుగుతరు."

"మూడేళ్ళ అనుభవం రావాలంటే ముందు ఎవరో ఒకరు కొనాలి కదండీ" అన్నాను.

"కొనాలె మల్ల. ఎవరన్న కొన్నంక రండి, మేం సుత కొంటం."

"ఎవరూ కొనట్లేదనే కదా సార్ మాకు గది ఇచ్చారు?"

ఆయన నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూశారు. "నాకెర్కనే తమ్మీ" అన్నారు. ఇంట్లో గేదెను కట్టేసి మేపుతూ, పాలు మాత్రం టెండర్ పిలిచి కొనుక్కునే సంసారం అది. తప్పు ఆ గేదెదీ కాదు, మేపేవాళ్ళదీ కాదు. పాలు తాగేవాళ్ళకి ఆ సంగతి తెలియదు.

కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో మేం పంజాగుట్ట దాకా నడిచేవాళ్ళం. అప్పుడు అక్కడ ఫ్లైఓవర్ కడుతున్నారు. ఊరి దుమ్మంతా అక్కడే ఉండేది. దాన్ని దాటితే ఏసీ ఉన్న బట్టల షాపులు. లోపలికి వెళ్ళి చొక్కాలు తొడిగి చూసుకునేవాళ్ళం. నేను తొడుక్కుంటే అతను బాగాలేదనేవాడు, అతను తొడుక్కుంటే నేను. సేల్స్ కుర్రాళ్ళకి విసుగొచ్చేలోపు చల్లబడి బయటపడేవాళ్ళం. అలా ఒకరోజు నీలం చారల చొక్కాలో అద్దం ముందు నిలబడి అతను చెప్పాడు.

"ఆఫర్ వచ్చిందిరా."

"దేని మీద? రెండు కొంటే ఒకటా?"

"నౌకరి రా. టెస్టింగ్‌ల. వచ్చే నెల జాయిన్ కావాలె."

గుండె ఝల్లుమంది అని రాయొచ్చు. ఏసీ కూడా అయి ఉండొచ్చు.

"మంచిదేగా" అన్నాను.

"ఇనురా. కింది కౌంటర్ ఆర్డర్ వస్తే నేను పోను. ఒక్క ఆర్డర్ చాలు, ఇంట్ల చెప్పుకుంట. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకురా, మున్సిపాలిటీ మీద వెయ్యి. పోతే అది పోతుంది."

నవ్వాడు. నేనూ నవ్వాను. చొక్కా బాగాలేదని చెప్పాను. నిజానికి బాగుంది. ఉద్యోగానికి వేసుకెళ్ళేలా ఉంది, అదే నాకు నచ్చలేదు.

ఆ తర్వాత మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడయినా నేను ముందుగా చూసేది అతని ముఖం వైపే. అతను ఉంటే అది కంపెనీ. అతను లేకపోతే అది ఒక గది, అందులో నేను. ఆ మాట పైకి అనలేదు. జోకులు వేసేవాడికి ఉన్న ఇబ్బంది ఇదే, నిజం చెప్పినా పక్కవాడు నవ్వడానికి సిద్ధంగా ఉంటాడు.

ఒకరోజు సూపరింటెండెంట్ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"తమ్మీ, మా మున్సిపాలిటీ పెద్దసారు వస్తుండు. హాలు చూస్తడంట. గిట్ల ఖాళీగా ఉంటే ఎట్ల? కేంద్రమే బందు చేద్దమంటడు. జర నలుగుర్ని తెచ్చి కూసోవెట్టుండ్రి."

"మరి ఆర్డర్ సంగతి సార్?" అని నా భాగస్వామి అడిగాడు.

"సారు కండ్లార చూస్తే ఆయనే ఏదన్న తొవ్వ చూపిస్తడు. నేను చెప్తే ఎవరింటరు?"

మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టడం అంటే మాకు వేరే నేర్పాలా? ఆ విద్యలోనే కదా పెరిగాం. హాస్టల్లో ఒక్క కేక వేశాం. సమోసా, టీ అన్నాం. ఇస్త్రీ చొక్కాలతో తరలి వచ్చారు. ఒకడు టై కట్టుకొచ్చాడు. నలుగురిని అడిగితే ఎంతమంది వచ్చారో మేం లెక్కపెట్టుకోలేదు. మా దగ్గరున్న పెళ్ళి కుర్చీలన్నీ నిండాయి. కంప్యూటర్లు అందరికీ లేవు కాబట్టి, లేనివాళ్ళని ఒక గదిలో వేసి మీటింగ్ జరుగుతున్నట్టు కూర్చోబెట్టాం. గోడకి తెల్లబోర్డు తగిలించి, దాని మీద డబ్బాలు గీసి బాణాలు పెట్టాను. బాణాలు ఎటు పోతున్నాయో ఎవరూ అడగకూడదని చెప్పాను.

"ఇంతకీ మన కంపెనీ ఏం చేస్తది అన్నా?" అని టై కట్టినవాడు అడిగాడు.

"జనన మరణాలు."

"రెండూనా?"

"మధ్యలో జరిగేదానితో మనకి సంబంధం లేదు."

పెద్దసారు ఆలస్యంగా వచ్చారు. అందుకని మధ్యాహ్నం భోజనం కూడా హాల్లోనే అయింది. హాస్టల్ క్యారేజీలు తెప్పించాం. అందరం కాగితం ప్లేట్లలో పప్పూ, నీళ్ళ చారూ కలుపుకుంటూ, ఒకడి ఊరగాయ ఇంకొకడు లాక్కుంటూ తిన్నాం. ఎవరో పాత పాట ఎత్తుకున్నాడు. ఒకడు తన రెజ్యూమేని మా కంప్యూటర్‌లో కొడుతూ నిజంగానే పనిలో మునిగిపోయాడు. నా భాగస్వామి గదుల మధ్య తిరుగుతూ "ఏం భయ్, ప్రాజెక్ట్ ఎంతవరకొచ్చింది?" అని గొంతు మార్చి అడుగుతుంటే వాళ్ళు లేచి నిలబడి "డన్ సార్" అంటున్నారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ పూట మా కంపెనీ నిజంగా ఉంది. సాయంత్రానికి ఉండదని తెలుసు గానీ, పప్పు తింటున్నప్పుడు ఎవడు దాని గురించి ఆలోచిస్తాడు?

పెద్దసారు వచ్చారు. వెంట పెద్ద గుంపు. గదులన్నీ చూశారు. మీటింగ్ గదిలో తెల్లబోర్డు ముందు ఆగి, "ఏమైనా అడగాలా? మీ ఇబ్బందులేంటో చెప్పండి" అన్నారు, చాలా ఆదరంగా.

మా వాళ్ళ చేతులు అలవాటుగా లేచాయి. ముందు లేచింది టై కట్టినవాడి చెయ్యి.

"సార్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ ఉందా?"

సూపరింటెండెంట్ గారు కళ్ళు మూసుకున్నారు. పెద్దసారు మాత్రం పెద్దగా నవ్వి అతని భుజం తట్టారు. "ఉద్యోగంలో ఉండి కూడా భవిష్యత్తు గురించి ఆలోచిస్తున్నావు. గుడ్" అన్నారు. తర్వాత మా వైపు తిరిగారు.

"అందరూ మీవాళ్ళేనా?"

నా భాగస్వామి ఒక్కసారి నా ముఖంలోకి చూశాడు. "అందరు మావోళ్ళే సార్" అన్నాడు. అది చెప్పేటప్పుడు అతని గొంతులో అబద్ధం వినపడలేదు.

"ఇద్దరితో మొదలై ఇంతమంది అయ్యారా!" పెద్దసారు ముఖం వెలిగిపోయింది. కింది కౌంటర్ ప్రోగ్రాం గురించి నేను గబగబా చెప్పాను. చూపించాను కూడా. ఆయన శ్రద్ధగా చూశారు. "చాలా బాగుంది. టెండర్ పిలిచినప్పుడు తప్పకుండా వెయ్యండి" అన్నారు. ఇద్దరికీ కలిపి ఒక శాలువా కప్పారు. కప్పి, సూపరింటెండెంట్ గారితో అన్నారు.

"చూశారా, ఈ కేంద్రం పెట్టింది ఇందుకే. ఇంత ఎదిగినవాళ్ళు ఇంకా ఇక్కడే ఉంటే చిన్నవాళ్ళకి చోటెక్కడ? నెలాఖరుకల్లా వీళ్ళని బయటికి పంపి, కొత్తవాళ్ళకి ఇవ్వండి."

అందరూ చప్పట్లు కొట్టారు. మా వాళ్ళు కూడా. సమోసా తిన్నాక చప్పట్లు కొట్టడం వాళ్ళకి అలవాటు.

అందరూ వెళ్ళాక సూపరింటెండెంట్ గారు ఒక కుర్చీలో కూలబడ్డారు. "మంది ఎక్కువైన్రు తమ్మీ. నేను నలుగుర్ని తెమ్మన్న. మీరు కంపెనీనే తెచ్చిన్రు."

"చిన్నవాళ్ళమే సార్, ఇద్దరమే. మీకు తెలుసు కదండీ" అన్నాను.

"నాకెర్కే. సారుకు ఎట్ల చెప్పాలె? తెచ్చినోళ్ళు ఉత్తగ కూసున్నోళ్ళని చెప్పాల్నా?"

చెప్పలేరు. మేమూ చెప్పలేం. మమ్మల్ని నిలబెట్టడానికి చేసిన పనే మమ్మల్ని మెట్లు దింపింది. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అందరూ సాయం చేసిన పని అది. శాలువా మాత్రం మంచిది. నా భాగస్వామి దాన్ని మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. రెజ్యూమే కొడుతున్నవాడికి కార్యక్రమం అయిపోయిందని ఎవరూ చెప్పలేదేమో, చీకటి పడబోయేదాకా కొడుతూనే ఉన్నాడు. అతని కీబోర్డు చప్పుడు తప్ప హాల్లో ఏమీ లేదు.

"మరి ఒట్టు?" అన్నాను చివరికి, తేలిగ్గానే.

"మున్సిపాలిటీ మీదనే గద వేసిన" అన్నాడు. ఈసారి ఇద్దరం నవ్వలేదు.

అతని కంపెనీ బస్సు పంజాగుట్ట చౌరస్తాలో ఆగేది. మొదటి రోజు నేనూ అతనితో నడిచాను. నీలం చారల చొక్కా వేసుకున్నాడు. వెళ్ళి కొనుక్కున్నాడన్నమాట, నాకు చెప్పకుండా. ఫ్లైఓవర్ స్తంభాల మధ్య నిలబడి, "బాగలేదన్నవ్ గద?" అన్నాడు.

"దుమ్ములో బాగుంది."

"శని, ఆదివారాలు వస్త. ప్రోగ్రాం ఆపకు. జర టెండర్ల మీద ఒక కన్నేసి ఉంచు."

బస్సు వచ్చింది. తెల్లటి ఏసీ బస్సు. అద్దాలన్నీ నల్లవి. అతను చెయ్యి ఊపాడో లేదో తెలియలేదు. నేను మాత్రం ఊపాను, బస్సులో ఉన్న అందరికీ కలిపి.

నెలాఖరు దాకా హాల్లో నేనొక్కడినే. ఫోన్ వస్తే "ఒక్క నిమిషం, మా టెక్నికల్ హెడ్‌ని పిలుస్తాను" అని, గొంతు కొంచెం బరువు చేసి మళ్ళీ నేనే మాట్లాడేవాణ్ని. టెక్నికల్ హెడ్ నాకంటే మర్యాదస్థుడు. ఒక మధ్యాహ్నం కరెంటు పోతే పంజాగుట్ట దాకా నడిచాను. ఒక చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. బాగాలేదని చెప్పేవాడు లేడు. సేల్స్ కుర్రాడు బాగుంది సార్ అన్నాడు. తీసేసి వచ్చేశాను. హాల్లోకి వచ్చి కూర్చున్నాక ఒకాయన తొంగిచూసి, డెత్ సర్టిఫికెట్ ఇక్కడేనా అని అడిగాడు. "కిందండీ, ఇక్కడ ఇంకా టైముంది" అని, పక్క కుర్చీ వైపు తిరిగాను. ఎంత మంచి జోకైనా వినేవాడు ఉంటేనే. లేకపోతే అది మనిషి తనలో తను మాట్లాడుకోవడం.

శనివారాలు మొదట్లో వచ్చాడు. తర్వాత వాళ్ళకి శనివారం కూడా పని పడింది.

గది ఖాళీ చేసి నేనొక ఇన్‌స్టిట్యూట్‌లో డెమోలు చెప్పే పనిలో చేరాను. జావా మొదటి అధ్యాయం. దానిలో నాకు సాటి లేరని ముందే చెప్పాను. కోర్సు చెప్పేవారు వేరే. ఉచితంగా వినేవాళ్ళు మాత్రం నా వాళ్ళు. రోజూ నిండు హాలు. వారం తిరిగేసరికి ఒక్క ముఖమూ మిగలదు, మళ్ళీ కొత్త నిండు హాలు. చివరి బెంచీలో ఎవరైనా ఇద్దరు పక్కపక్కన కూర్చుని గుసగుసలాడుతుంటే నేనెప్పుడూ కసరలేదు.

కొన్ని నెలలయ్యాక సూపరింటెండెంట్ గారి నుంచి ఫోన్.

"తమ్మీ, మంచిగున్నవా? పెద్దసారు మల్ల వస్తుండు. ఈసారి సుత మంది తక్కువ పడుతున్రు. జర వచ్చి కూసుంటవా?"

"సార్, నేను ఎదిగిపోయానని బయటికి పంపారు కదండీ."

"పరేషాన్ చెయ్యకు తమ్మీ. మీ దోస్తుకు సుత ఫోన్ చేసిన. వస్తనన్నడు."

వెళ్ళడానికి నేను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. అసలు కారణం ఆ చివరి మాటే.

హాలు అలాగే ఉంది, కిరోసిన్ వాసనతో సహా. జనరేటర్ వచ్చింది. డీజిల్ శాంక్షన్ కావాలట. మా పాత గదిలో ఇప్పుడొక అమ్మాయి కంపెనీ. వరంగల్ నుంచి వచ్చిందట. చెవిటి పిల్లలకి పాఠాలు చెప్పే ప్రోగ్రాం రాస్తోంది. ఒక్కతే. మిగతా కుర్చీల్లో హాస్టల్ జనం. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"అన్నా, ఎంతమంది అని సారు అడిగితే ఏం చెప్పాలె?"

"తక్కువ చెప్పమ్మా. ఎంత తక్కువ చెబితే అంత మంచిది."

"మరి వీళ్ళందరూ?"

"చుట్టాలని చెప్పు."

నా పాత కుర్చీలోనే కూర్చున్నాను. పక్క కుర్చీలో నా సంచీ పెట్టాను. ఒకడు వచ్చి అన్నా ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అంటే, వస్తున్నారు అన్నాను. ఇంకొకడికీ అదే చెప్పాను. పెద్దసారు ఎప్పటిలాగే ఆలస్యం. సెల్‌ఫోన్ మోగింది. అతనే.

"రేయ్, మేనేజర్ ఇడుస్తలేడురా. ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది. నువ్వు పోయినవా?"

హాలంతా కీబోర్డుల చప్పుడు. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"లేదురా. నేనూ పోలేదు. క్లాసుంది."

"మంచిగయింది తీ. నువ్వు అక్కడ ఒక్కనివే కూసుంటవేమోనని పొద్దుగాల నుంచి ఫికర్‌గుండె."

"నేనెందుకు కూర్చుంటాన్రా, పిచ్చా?"

"గదే గద. సరే, శనివారం కలుద్దం."

"శనివారం" అన్నాను.

ఫోన్ పెట్టేశాక పక్క కుర్చీలోంచి సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఖాళీ అయిందని చూసి ఒక కొత్త కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. నాకేసి చూసి, "ఏ కోర్సు అన్నా?" అన్నాడు. సమాధానం ఆలోచిస్తుండగా గుమ్మంలో ఒక పెద్దాయన తచ్చాడుతూ కనిపించాడు. చేతిలో కాగితాల సంచీ, ముఖాన చెమట. అంతమందిని చూసి ఎవరిని అడగాలో తెలియక నిలబడిపోయాడు. ఏం అడుగుతాడో నాకు తెలుసు. లేచి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"కిందండీ. రండి, చూపిస్తాను."

ఇద్దరం మెట్లు దిగాం. క్యూ ఎప్పటిలాగే మెట్ల మీదికి పాకి ఉంది. కౌంటర్‌లో అక్క వేలు తడుపుకుని పేజీ తిప్పుతోంది. తల ఎత్తితే నన్ను గుర్తుపడుతుందని, పెద్దాయన వెనక్కి జరిగి నిలబడ్డాను. క్యూ చివర ఆయనకి చోటు చూపించాను. ఆయన చెమట తుడుచుకుంటూ నా ఇస్త్రీ చొక్కా వైపు చూశాడు.

"మీరు ఇక్కడనే పనిచేస్తరా సారూ?"

"ఈ పూటకండీ" అన్నాను.

పైన సమోసాలు పంచుతున్న చప్పుడు వినపడింది. ఇంకాసేపట్లో పెద్దసారు వస్తారు. జనాన్ని జరగమంటూ మెట్లెక్కాను.